బడ్జెట్ పాస్ కాకపోతే ఆఫీసులకి తాళాలెందుకు? అమెరికా షట్‌డౌన్ల వెనకున్న మెలిక

క్లుప్తంగా

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం మూతపడేది ఖజానా ఖాళీ అయి కాదు, ఖర్చు పెట్టుకోవచ్చని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంట్, ఇచ్చిన అనుమతి గడువు తీరిపోయి కొత్తది రాకపోవడం వల్ల. ఆ కొత్త అనుమతి పై సభ అయిన సెనేట్‌లో ముందుకి కదలాలంటే 60 ఓట్లు కావాలి, ఈమధ్య ఏ పార్టీకీ సొంతంగా అన్ని లేవు, కాబట్టి తక్కువ ఉన్న పార్టీకి కూడా బండి ఆపే వీలుంది. ఆగినప్పుడు దెబ్బ తగిలేది జీతగాళ్లకీ, పేద ఇళ్లకీ, వీసా కాగితాల కోసం ఎదురుచూసేవాళ్లకీ. మొండికేసినవాళ్ల జీతం మాత్రం ఆగదు. జనం కోపం రెండు పార్టీల మీదా చీలిపోవడంతో ఓట్ల లెక్కల్లో దాని బరువు తగ్గిపోతోంది.

43 రోజులు

2025 అక్టోబర్ 1న మొదలైన షట్‌డౌన్ నవంబర్ 12 రాత్రి ట్రంప్ సంతకంతో ముగిసింది. మొత్తం 43 రోజులు. అంతకుముందు రికార్డు 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా నడిచిన 35 రోజులది, దానికి ముందు 1995-96లో 21 రోజులది, అంటే రికార్డు పొడవు పెరుగుతూ వచ్చింది. డాలర్లు తనే అచ్చేసుకునే దేశం సొంత ఉద్యోగులకి నెలన్నర జీతాలివ్వలేకపోవడమేంటి అన్న ప్రశ్న అప్పట్లో తెలుగు ఇళ్లలో కూడా గట్టిగానే వినపడింది, పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో మరీను. దీనికి జవాబు నాయకుల మంచితనంలోనో చెడ్డతనంలోనో వెతికితే సగమే దొరుకుతుంది, మిగతా సగం రూల్స్‌లో ఉంది.

డబ్బుంది, అనుమతి లేదు

చట్టం చేసి కేటాయిస్తే తప్ప ఖజానాలోంచి పైసా బయటికి తీయకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్లోనే రాసుంది. ఇది మనకి కొత్త సంగతేం కాదు, మన రాజ్యాంగంలో 114, 266 ఆర్టికల్స్ చెప్పేది కూడా అదే, అసెంబ్లీ సమావేశాల చివర్లో పాస్ చేసే ద్రవ్య వినిమయ బిల్లు ఉన్నది ఇందుకే. తేడా ఏంటంటే అక్కడ ఏటా ఇలాంటివి 12 బిల్లులుంటాయి, రక్షణకొకటి, వ్యవసాయానికొకటి, హోంల్యాండ్ సెక్యూరిటీకొకటి అలా, ప్రతిదీ కింది సభ అయిన హౌస్‌లో పాసవ్వాలి, సెనేట్‌లో పాసవ్వాలి, రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే అయ్యుండాలి, ఆ పైన ప్రెసిడెంట్ సంతకం పడాలి. ఇదంతా అక్టోబర్ 1లోపు అయిపోవాలి, ఎందుకంటే వాళ్ల ఆర్థిక సంవత్సరం ఆ రోజున మొదలవుతుంది.

ఈ పద్ధతి 1974 బడ్జెట్ చట్టంతో వచ్చింది, అక్టోబర్ లెక్క 1976 నుంచి అమల్లో ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా అన్ని బిల్లులూ టైముకి పాసైన సంవత్సరాలు నాలుగే నాలుగు: 1977, 1989, 1995, 1997 బడ్జెట్లు. దాదాపు యాభై ఏళ్లలో నాలుగుసార్లు! మిగతా అన్నేళ్లూ నడిచింది కంటిన్యూయింగ్ రిజల్యూషన్ మీద, దాన్నే సీఆర్ అంటారు, పాత లెక్కల ప్రకారమే ఇంకో ఆరు వారాలో రెండు నెలలో లాక్కురండి అని ఇచ్చే తాత్కాలిక అనుమతి. చూడ్డానికి ఇది మన ఓటాన్ అకౌంట్‌కి దగ్గరి చుట్టంలా ఉంటుంది గానీ ఓటాన్ అకౌంట్ ఇక్కడ ఏ గొడవా లేకుండా గడిచిపోతుంది, సీఆర్‌కి మాత్రం మామూలు బిల్లుకున్న గండాలన్నీ ఉంటాయి.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. ఈ 12 బిల్లులు మొత్తం ఖర్చులో నాలుగో వంతు చుట్టుపక్కల మాత్రమే. 2024లో ఫెడరల్ ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు, అందులో ఏటా ఓటేసి కేటాయించేది సుమారు 1.8 లక్షల కోట్లు. పెద్దవాళ్ల పెన్షన్ అయిన సోషల్ సెక్యూరిటీ, వాళ్ల వైద్యానికి మెడికేర్, అప్పుల మీద వడ్డీ, ఇవన్నీ పాత చట్టాల ప్రకారం వాటంతటవే వెళ్లిపోతూ ఉంటాయి, షట్‌డౌన్‌లో కూడా ఆగవు. అప్పుని పెంచుతున్నది ముఖ్యంగా ఆ మూడొంతులే. అంటే పొదుపు పేరు చెప్పి తెగేదాకా లాగేది ఎక్కడంటే, పొదుపు చేసినా పెద్దగా మిగలని నాలుగో వంతు దగ్గర.

అప్పు పరిమితి గొడవని కూడా చాలామంది దీంతో కలిపేస్తారు, అది వేరు. అది ఇప్పటికే చేసేసిన ఖర్చులకి అప్పు తెచ్చుకోవడానికి ఉన్న సీలింగ్, అది దాటకుండా ఆపితే దేశం బాకీ ఎగ్గొట్టినట్టవుతుంది. 2011లో ఆ గొడవ అంచుదాకా వెళ్లినందుకే ఎస్ అండ్ పీ సంస్థ అమెరికా రేటింగ్ తగ్గించింది.

1980కి ముందు తాళాలు లేవు

అనుమతి గడువు తీరిపోవడం పాత కథే. 1970ల చివర్లో కూడా చాలాసార్లు బిల్లులు ఆలస్యమయ్యాయి, ఒకసారి అబార్షన్లకి ఫెడరల్ డబ్బు వాడొచ్చా లేదా అన్న గొడవ మీద వారాల తరబడి ఆగిపోయాయి కూడా. కానీ ఆఫీసులు నడుస్తూనే ఉండేవి, ఎలాగూ పాసవుతుంది కదా అని కొత్త ఖర్చులు తగ్గించుకుని నెట్టుకొచ్చేవాళ్లు.

మార్చింది ఒక లీగల్ ఒపీనియన్. 1980 ఏప్రిల్‌లో కార్టర్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్‌గా ఉన్న బెంజమిన్ సివిలెట్టి, యాంటీ డెఫిషియన్సీ యాక్ట్ అని 19వ శతాబ్దం నాటి చట్టం ఒకటుంటే దాన్ని ఉన్నదున్నట్టు చదివారు. కేటాయింపు లేకుండా, తెలిసి కావాలనే ప్రభుత్వం తరఫున ఖర్చుకి ఒప్పుకునే అధికారి నేరం చేసినట్టే అని ఆ చట్టం చెప్తుంది, రెండేళ్ల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. కాబట్టి అనుమతి లేనప్పుడు ఆఫీసు మూసెయ్యాల్సిందే అని ఆయన తేల్చారు. వారం తిరక్కుండానే 1980 మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూతపడింది. 1981 జనవరిలో ఇంకో ఒపీనియన్‌లో ఆయనే ఒక మినహాయింపు ఇచ్చారు, మనుషుల ప్రాణాలు, ఆస్తుల రక్షణకి సంబంధించిన పనులు నడవొచ్చని. ఈరోజు ఎయిర్‌పోర్ట్‌లో విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ జీతం లేకుండా డ్యూటీలో కూర్చోడానికి, పక్క ఆఫీసులో గుమస్తా ఇంట్లో కూర్చోడానికి మధ్య గీత అక్కడ పడింది.

ఇది తెలిస్తే విషయం వేరేగా కనపడుతుంది. షట్‌డౌన్ అనేది రాజ్యాంగం పెట్టిన శిక్ష అనుకుంటాం గానీ రాజ్యాంగంలో ఆ మాటే లేదు, 1980 దాకా దాదాపు రెండు వందల ఏళ్లు అది లేకుండానే గడిచింది. ఒక వ్యాఖ్యానంతో వచ్చింది, ఒక చిన్న చట్టంతో పోగలదు. ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న.

60 ఓట్ల లెక్క

సెనేట్‌లో 100 మంది. బిల్లు పాసవ్వడానికి 51 చాలు, కానీ చర్చ ముగించి ఓటింగ్‌కి రావాలంటే 60 మంది ఒప్పుకోవాలి, అంతమంది లేకుండా చూసి బిల్లుని ఆపడాన్నే ఫిలిబస్టర్ అంటారు. 1975 దాకా ఈ అడ్డంకి ఇంకా ఎత్తులో ఉండేది. రాజ్యాంగంలో లేని సభ సొంత రూల్ ఇది. దీనివల్ల 53 మంది ఉన్న పార్టీ కూడా బడ్జెట్ విషయంలో ఎదుటివాళ్లలో కనీసం ఏడుగుర్ని ఒప్పించుకోవాలి.

2025లో పరిస్థితి సరిగ్గా ఇదే. ప్రెసిడెంట్, హౌస్, సెనేట్ మూడూ రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి, సెనేట్‌లో 53. సెప్టెంబర్ 19న హౌస్ 217-212 తేడాతో నవంబర్ 21 దాకా పనికొచ్చే సీఆర్ పాస్ చేసింది. డెమోక్రాట్లు సెనేట్‌లో అడ్డం పడ్డారు. వాళ్ల డిమాండ్ చట్టం భాషలో చెప్తే అర్థం కాదు, ఒక ఇంటి లెక్కలో చెప్తే తెలుస్తుంది: ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం పెట్టిన మార్కెట్లో కొనుక్కుంటారు, వాళ్ల ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని కరోనా టైములో 2021లో పెంచారు, ఆ పెంచినదానికి గడువు 2025 డిసెంబర్ 31. అప్పటికి ఈ సాయం తీసుకునేవాళ్లు సుమారు 2.2 కోట్ల మంది. అది పోతే ఒక్కొక్కరు కట్టేది సగటున ఏడాదికి 888 డాలర్ల నుంచి 1,904 డాలర్లకి పెరుగుతుందని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధనా సంస్థ అంచనా వేసింది. రిపబ్లికన్ల మాట ఏంటంటే ముందు ప్రభుత్వాన్ని తెరవండి, తర్వాత మాట్లాడదాం, పైగా దీన్ని శాశ్వతం చేస్తే పదేళ్లలో 35,000 కోట్ల డాలర్లు అవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే చెప్పింది కదా అని. రెండు వాదనల్లోనూ నిజం ఉంది.

నిజం ఉన్నా నమ్మకం లేదు, గొడవ ముదిరింది అక్కడే. సీఆర్‌కి 60 కావాలి గానీ ఇంకో రెండు దారుల్లో 51 చాలు. ఒకటి రీకన్సిలియేషన్, అంటే పన్నులు, ఖర్చుల బిల్లులకి ఫిలిబస్టర్ లేని ప్రత్యేక పద్ధతి, ఆ దారిలోనే 2025 జులై 4న పన్నుల కోత, పేదల వైద్యానికిచ్చే మెడికెయిడ్‌లో కోత ఉన్న పెద్ద చట్టం ఒక్క డెమోక్రాట్ ఓటు లేకుండా వచ్చేసింది. రెండోది రెసిషన్, అంటే ఇంతకుముందు కేటాయించిన డబ్బుని వెనక్కి తీసుకోవడం, అదే జులైలో విదేశీ సాయం, పబ్లిక్ రేడియో, టీవీలకి ఇచ్చిన దాంట్లోంచి 900 కోట్ల డాలర్లు అలాగే రద్దు చేశారు. ఆగస్టు చివర్లో ఇంకో 490 కోట్లు కాంగ్రెస్ ఓటు కూడా అక్కర్లేకుండా, ఆర్థిక సంవత్సరం అయిపోయేదాకా ఆపేసి మురగబెట్టే ఎత్తు వేశారు, సుప్రీంకోర్టు సెప్టెంబర్ చివర్లో అందులో ఎక్కువ భాగం అలా ఆపి ఉంచడానికి తాత్కాలికంగా ఒప్పుకుంది. ఇప్పుడు ఎదుటి పార్టీ సెనేటర్ వైపు నుంచి ఆలోచిస్తే, ఏడుగురం కలిసి 60 చేసి ఒప్పందం కుదుర్చుకుంటాం, మూడు నెలలకి 51తో మా వాటా మాత్రం తీసేస్తారు, అలాంటప్పుడు ఒప్పందం ఎందుకు? ఒప్పందం చేసుకోవడానికి కావాల్సిన ఓట్ల కన్నా దాన్ని చెరపడానికి కావాల్సిన ఓట్లు తక్కువైతే ఎవరు సంతకం పెడతారు. ఏ పార్టీ ఏ సీట్లో ఉన్నా ఇదే లెక్క పనిచేస్తుంది.

దీనికి తోడు సొంత జనం నుంచి వచ్చే వేడి. 2025 మార్చిలో ఇలాంటి సీఆరే వస్తే సెనేట్ డెమోక్రాట్ల నాయకుడు చక్ షూమర్ ఇంకో తొమ్మిది మందితో కలిసి దాన్ని ముందుకి పోనిచ్చారు, షట్‌డౌన్ ఇంకా నష్టం అని. అందుకు సొంత పార్టీ కార్యకర్తలు ఆయన్ని ఉతికి ఆరేశారు, రాజీనామా చెయ్యమన్నారు. అక్టోబర్‌లో మొండిగా నిలబడ్డం వెనక ఆ మార్చి దెబ్బ ఉంది. రాజీ పడ్డవాడికి ఇంట్లో తిట్లు, రాజీ పడనివాడికి చప్పట్లు అయినప్పుడు రాజీ ఎక్కడినుంచి వస్తుంది.

దెబ్బ ఎవరికి

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు అని మనకో సామెత ఉంది, దీనికి అంతకన్నా సరిపోయేది దొరకదు.

సుమారు 14 లక్షల మంది ఫెడరల్ ఉద్యోగులకి జీతాలు ఆగాయి. అందులో సగం దగ్గర దగ్గర ఇంట్లో కూర్చోవాల్సొచ్చింది, దీన్ని ఫర్లో అంటారు, మిగతా సగం జీతం లేకుండా పని చేశారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం తెరిచాక పాత జీతం మొత్తం ఇవ్వాలి, కానీ ఆ హామీ ఇంటి ఓనర్‌కి చూపిస్తే అద్దె మాఫీ అవ్వదు కదా. కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లకి, అంటే క్యాంటీన్, క్లీనింగ్, సెక్యూరిటీ గార్డులతో మొదలుపెట్టి ఐటీ ప్రాజెక్టుల దాకా, ఆ హామీ కూడా లేదు. వాషింగ్టన్ చుట్టూ వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఫెడరల్ ప్రాజెక్టుల మీద బతికే కంపెనీల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి పోయిన రోజులు పోయినట్టే. సైనికులకి మాత్రం అక్టోబర్ 15న జీతాలు పడ్డాయి, రక్షణ పరిశోధనలకి ఉంచిన నిధుల్లోంచి ఇటు మళ్లించి ఇచ్చారు. ఎవరికి ఆపాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది కూడా ప్రభుత్వం చేతిలో ఉన్న మీటే అని దాంతో తేలింది.

నవంబర్ 1 వచ్చేసరికి ఆహార సాయం ఆగింది. స్నాప్ అని పిలిచే ఈ స్కీమ్ మీద 4.2 కోట్ల మంది ఆధారపడతారు, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. అత్యవసర నిధి వాడాలా వద్దా అని కోర్టుల్లో వాదనలు, సగం ఇస్తామని ఒకరోజు, మొత్తం ఇవ్వమని జడ్జి ఆర్డర్ ఇంకోరోజు, దాని మీద సుప్రీంకోర్టు స్టే, కార్డులో డబ్బు పడిందో లేదో తెలీకుండా షాపు కౌంటర్ దాకా వెళ్లాల్సిన పరిస్థితి. రేషన్ షాపులో ఈ-పోస్ మిషన్ ముందు నిలబడి వేలిముద్ర పడుతుందో లేదో అని చూసినవాళ్లకి ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

విమానాల దగ్గర ఇంకోలా వచ్చింది. జీతాల్లేని కంట్రోలర్లు డ్యూటీకి రావడం తగ్గేసరికి నవంబర్ 7 నుంచి 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు 4 శాతం తగ్గించమని ఏవియేషన్ శాఖ ఆదేశించింది, తర్వాత 6 శాతం చేసింది, 10 దాకా తీసుకెళ్తామంది. 2019లో కూడా 35 రోజుల షట్‌డౌన్ ముగిసిన రోజే న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్ట్‌కి కంట్రోలర్లు చాలక కాసేపు విమానాలు ఆపేశారు. రెండుసార్లూ విమానాలు ఆగాకే నాయకుల్లో కదలిక వచ్చిందన్నది గమనించాలి. పేదవాడి కార్డు ఆగిన దానికన్నా బిజినెస్ ప్రయాణికుడి ఫ్లైట్ ఆగిన దానికి తొందరగా స్పందన వస్తుందన్నది చెప్పుకోడానికి బాగోదు గానీ తేదీలు అదే చెప్తున్నాయి.

తెలుగు ఇళ్లకి నేరుగా తగిలింది మాత్రం లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర. హెచ్-1బి కొత్తదైనా, కంపెనీ మారినా, ఎక్స్‌టెన్షన్ అయినా ముందు ఆ శాఖ నుంచి ఎల్‌సీఏ అనే కాగితం రావాలి. వీసా పిటిషన్ చూసే యూఎస్‌సీఐఎస్ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది, కానీ ఎల్‌సీఏ ఇచ్చే విభాగం కేటాయింపుల మీద నడుస్తుంది కాబట్టి అక్టోబర్ దాదాపు నెలంతా మూతపడింది. గ్రీన్‌కార్డ్‌కి మొదటి మెట్టయిన పెర్మ్ కూడా అంతే. ఇంటికి తలుపు తెరిచే ఉంది గానీ గేటుకి తాళం. ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో కొత్త కంపెనీ వెతుక్కుంటున్నవాళ్లకి ఆ గడియారం మాత్రం ఆగలేదు. సెనేట్‌లో ఎవరి ఇన్సూరెన్స్ గురించో గొడవైతే ఆ దెబ్బ ఓటు హక్కు కూడా లేని ఇలాంటివాళ్లకి తగిలింది.

మొత్తం మీద ఆరు వారాల షట్‌డౌన్ అయితే ఎప్పటికీ తిరిగిరాని నష్టం 1,100 కోట్ల డాలర్లని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ అంచనా. డాలర్లలో కొలవలేని నష్టం ఒకటుంది, సర్వే చేసేవాళ్లు ఇంట్లో కూర్చోవడంతో 2025 అక్టోబర్ నెలకి అమెరికా నిరుద్యోగ రేటు అన్నదే లేదు. తర్వాత కూడా లెక్కగట్టలేదు, ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

కోపం ఎటు పోతోంది

జనానికి కోపం లేదా అంటే చాలా ఉంది. 2013లో ఒబామాకేర్‌ని ఆపాలని రిపబ్లికన్లు 16 రోజులు షట్‌డౌన్ చేశాక నవంబర్‌లో గాలప్ సర్వేలో కాంగ్రెస్ పనితీరు బాగుందన్నవాళ్లు 9 శాతం, ఆ సర్వే చరిత్రలోనే అది అడుగు. మరి ఆ తర్వాత ఏడాది ఎన్నికల్లో ఏమైంది? షట్‌డౌన్ తెచ్చిన రిపబ్లికన్లే సెనేట్ గెలిచారు. 1995-96 షట్‌డౌన్లలో మాట పడ్డ రిపబ్లికన్లు 1996లో హౌస్ నిలబెట్టుకున్నారు, అవతల పక్క ఉన్న క్లింటన్ కూడా మళ్లీ గెలిచారు. అంటే కోపం ఉంది గానీ దానికి మూల్యం ఎవరూ కట్టలేదు.

కారణాలు వెతకడం కష్టం కాదు. హౌస్ సీట్లలో ఎక్కువ శాతం ఏదో ఒక పార్టీకి కంచుకోటలు, అక్కడ సభ్యుడికి భయం నవంబర్ ఎన్నికంటే కాదు, సొంత పార్టీలో అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక అంటే. ప్రైమరీలో ఓటేసేది గట్టి కార్యకర్తలు, వాళ్లకి రాజీ పడ్డవాడు ద్రోహిలా కనపడతాడు. ఇక మామూలు ఓటరు కాంగ్రెస్ మొత్తాన్ని తిడతాడు గానీ తన సభ్యుడు మంచోడే అంటాడు, ఇది మన దగ్గర కూడా వినే మాటే. షట్‌డౌన్ టైములో సర్వేలు చూస్తే ఒక పార్టీకి కాస్త ఎక్కువ, ఇంకో పార్టీకి కాస్త తక్కువ నింద పడుతుంది, ఆ కాస్త తేడా ఏడాది తర్వాత ధరల ముందు, యుద్ధాల ముందు, కొత్త గొడవల ముందు గుర్తుండదు. రెండు పార్టీలనీ సమానంగా తిట్టడం న్యాయంగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ దాంతో తప్పు చేసినవాడికి శిక్ష సగానికి తగ్గుతుంది.

పైగా సభ్యుల జీతం ఆగదు. ఏడాదికి 1,74,000 డాలర్లు, దానికి ఏటా కొత్త కేటాయింపు అక్కర్లేకుండా ఏర్పాటు ఉంది. కొంతమంది ఆ రోజుల్లో జీతం వద్దని రాసిస్తారు, మంచిదే, కానీ వ్యవస్థలో ఏం మారదు.

మరి షట్‌డౌన్ వల్ల అడిగింది దొరుకుతుందా అంటే, చరిత్రలో దాదాపు దొరకలేదు. 2013లో ఒబామాకేర్ ఆగలేదు. 2018-19లో ట్రంప్ సరిహద్దు గోడకి 570 కోట్ల డాలర్లు అడిగితే చివరికి వచ్చింది 137.5 కోట్లు. 2025లో సీఆర్ 14 సార్లు సెనేట్‌లో వీగిపోయాక, నవంబర్ 9న డెమోక్రాట్ల వైపు 8 మంది ఇవతలికి వచ్చి 60-40తో దారి ఇచ్చారు. వాళ్లకి దక్కింది డిసెంబర్‌లో ఇన్సూరెన్స్ సాయం మీద ఓటింగ్ పెడతామన్న మాట, ఆ టైములో ఇచ్చిన ఉద్యోగాల కోత నోటీసుల రద్దు. ఓటింగ్ పెట్టారు, డిసెంబర్ 11న, 51 మంది అవునన్నారు, 48 మంది కాదన్నారు, 60 రాలేదు కాబట్టి పోయింది. అవునన్నవాళ్లే ఎక్కువమంది, అయినా ఓడిపోయింది.

మన దగ్గర ఎందుకు రాదు, ఎప్పుడు వచ్చినంత పనైంది

మన పద్ధతిలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది, అంటే ఎవరు బండి నడపాలన్న ప్రశ్న వస్తుంది గానీ బండి ఆగదు. రాజ్యసభ ద్రవ్య బిల్లుని 14 రోజులకి మించి ఆపలేదు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, బడ్జెట్ ఇంకా పాస్ కాలేదు, అప్పుడు ప్రభుత్వాన్ని పడగొట్టిన పార్టీలే కలిసొచ్చి చర్చ లేకుండా ఆ బడ్జెట్‌నే పాస్ చేశాయి. ఫ్రాన్స్‌లో 2024 డిసెంబర్‌లో బడ్జెట్ గొడవ మీద బార్నియే ప్రభుత్వం పడిపోయినా పాత లెక్కలు కొనసాగించే ప్రత్యేక చట్టంతో జనవరి గడిచింది, ఆఫీసులు మూతపడలేదు.

అయినా మన రాష్ట్రాల్లో దీని నీడ రెండుసార్లు పడింది. 2020లో కరోనా వల్ల ఆంధ్రప్రదేశ్‌లో మార్చిలో బడ్జెట్ పెట్టలేక ఆర్డినెన్స్‌తో మూడు నెలల ఓటాన్ అకౌంట్ తెచ్చుకున్నారు, అది జూన్ 30తో అయిపోతుంది. జూన్‌లో బడ్జెట్ పెట్టారు, అసెంబ్లీలో పాసైంది, కానీ శాసన మండలిలో అప్పుడు టీడీపీకి మెజారిటీ ఉంది, మూడు రాజధానుల బిల్లుల మీద గొడవ. ముందు ఏ బిల్లు తీసుకోవాలన్న దగ్గర పట్టుబట్టి, ద్రవ్య వినిమయ బిల్లు ముట్టుకోకుండానే జూన్ 17న మండలి నిరవధికంగా వాయిదా పడింది. తప్పు మీదంటే మీదని రెండు వైపులా అనుకున్నారు. జులై 1న పడాల్సిన ఉద్యోగుల జీతాలు, పెన్షన్లు కొన్ని రోజులు ఆలస్యమయ్యాయి. అమెరికాకి మనకీ తేడా అంతా ఆ తర్వాత జరిగిందాంట్లో ఉంది: 198వ ఆర్టికల్ ప్రకారం 14 రోజులు దాటగానే మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బిల్లు పాసైనట్టే లెక్క, గవర్నర్ సంతకం అయిపోయింది, డబ్బులు పడ్డాయి. ఎవరినీ ఒప్పించాల్సిన పని లేకుండా క్యాలెండరే గొడవ తీర్చేసింది. తెలంగాణలో 2023 జనవరిలో బడ్జెట్ పెట్టడానికి గవర్నర్ తమిళిసై అనుమతి రాలేదని ప్రభుత్వం హైకోర్టుకెళ్లింది, గవర్నర్ ప్రసంగం ఉండేలా ఆ రోజే రాజీ కుదిరింది, ఫిబ్రవరి 6న బడ్జెట్ వచ్చింది.

కానీ ఇక్కడ కాలర్ ఎగరేసేంత ఏమీ లేదు. బండి ఆగదు అన్న ధైర్యంతో మన దగ్గర బండిలో ఏముందో చూడటం మానేశారు. 2023 మార్చిలో లోక్‌సభ సుమారు 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెట్‌ని గొడవల మధ్య గిలెటిన్ పెట్టి, అంటే మిగిలిన పద్దులన్నీ ఒక్కసారే ఓటింగ్‌కి పెట్టేసి, ఏ శాఖ పద్దు మీదా చర్చ లేకుండా పాస్ చేసేసింది. 2018లోనూ అలాగే జరిగింది. అక్కడ ప్రతిపక్షానికి ఆపే శక్తి మరీ ఎక్కువ, ఇక్కడ అడిగే అవకాశం కూడా మిగలట్లేదు. రెండు చోట్లా పన్ను కట్టేవాడి డబ్బే.

మందు ఉంది, వేసుకోరు

గడువులోపు కొత్త బిల్లు రాకపోతే పాత కేటాయింపులే వాటంతటవే కొనసాగాలి అని ఒక చట్టం చేస్తే తాళాల కథ అయిపోతుంది. దీన్ని ఆటోమేటిక్ సీఆర్ అంటారు, ఇలాంటి బిల్లులు కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి పెడుతూనే ఉన్నారు, ఒహాయో సెనేటర్‌గా ఉన్న రాబ్ పోర్ట్‌మన్ పదేపదే పెట్టారు. పాసవ్వలేదు. అడ్డు చెప్పేవాళ్ల కారణాలు కొట్టిపారేసేవి కావు: పాత లెక్కే కొనసాగితే ఖర్చు తగ్గాలనుకునేవాడికి తొందర ఉండదు, ధరలు పెరిగే కొద్దీ అదే అంకె దానంతటదే కోత అయిపోతుంది, పదేళ్ల కిందటి అవసరాలకి ఇచ్చిన డబ్బు ఈరోజు అవసరాలకి పనికిరాదు. కేటాయింపుల కమిటీల్లో ఉన్నవాళ్లకి గడువే బలం, గడువు లేకపోతే వాళ్ల గది ముందు ఎవరూ నిలబడరు. అసలైన అడ్డంకి ఇంకోటి, ఈరోజు మైనారిటీలో ఉన్న పార్టీకి చేతిలో ఉన్న ఒకే ఒక్క మీట ఇది, రేపు తనూ మైనారిటీలోకి వెళ్తానని తెలిసిన పార్టీ కూడా దాన్ని వదులుకోదు.

ఈ కారణాలన్నీ విన్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ మీట నొక్కితే దెబ్బ తగిలేది నొక్కినవాడికీ, ఎదుటి పార్టీకీ అయితే అది బేరసారాల పద్ధతి అనొచ్చు. నొక్కిన ప్రతిసారీ స్నాప్ కార్డుకి, కంట్రోలర్ జీతానికి, క్లీనింగ్ కాంట్రాక్ట్ మనిషికి తగులుతుంటే దాన్ని బేరం అనడానికి నోరు రాదు. పాత లెక్కతో ఏడాది నడిచే ప్రభుత్వం అంత గొప్పగా ఉండకపోవచ్చు, కానీ ఆ ఏడాది అంతా వాదించుకోవాల్సింది నాయకులే అవుతారు, పిల్లల పాలకి లెక్కలేసుకోవాల్సింది ఉద్యోగులు అవ్వరు.

నవంబర్ 12న 222-209తో హౌస్ కూడా ఒప్పుకున్న చట్టంలో వ్యవసాయం, మాజీ సైనికులు, కాంగ్రెస్ సొంత ఖర్చులు, ఈ మూడు బిల్లులకి మాత్రం ఏడాది మొత్తానికి కేటాయింపులు దొరికాయి. మిగతా 9 బిల్లులకి అదే చట్టంలో ఇంకో గడువు రాసుకున్నారు, 2026 జనవరి 30 అని.